దేవుడి పేరు చెప్పి చేసిన బేరం: మిర్చి జట్టుకా, పత్తి జట్టుకా?

మట్టితో మనిషిని చేసి, వాడి ముక్కుల్లో ఊపిరి ఊది, ఆ ఒక్క ఊపిరి మీద వాడు ఎంతసేపు కూత పెట్టగలడో చూడమని నాలాంటి అల్పుడి చేతికి స్టాప్‌వాచీ ఇచ్చిన దేవునికి స్తోత్రం. గెలిచిన రోజున అది నా గొప్ప అనుకున్నాను. ఓడిన రోజున అది ఆయన పెట్టిన పరీక్ష అనుకున్నాను. ఆ రెండు తప్పులనూ సహించి, మోకాళ్ళు అరిగిపోయేదాకా నన్ను గ్రౌండులో నిలబెట్టిన ఆయన కృపకు వందనాలు.

ఈ పని అసలు ఏమిటి

కోచింగ్ డిప్లొమా చేతబట్టుకుని బయటికొచ్చిన తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. నేను మిషన్ హైస్కూల్లో ముప్పై నాలుగేళ్ళు వ్యాయామం మాస్టారిగా చేశాను. రిటైరయ్యాక మా ఊరి కబడ్డీ జట్టుకు ఆరేళ్ళు కోచ్‌గా ఉన్నాను. అందుకని వాళ్ళు నన్ను టెక్నిక్కులు అడుగుతారు. చీలమండ ఎలా పట్టాలి, బోనస్ గీత ఎలా దాటాలి అంటారు. అవన్నీ ఇప్పుడు ఫోనులో దొరుకుతాయి. ఫోనులో దొరకనిది చెబుతాను.

రేపు మ్యాచ్ అనగా రైడరు అత్తగారింట్లో అలిగి కూర్చుంటే, వెళ్ళి మామగారితో రెండు గంటలు వర్షాల గురించి మాట్లాడి, అతన్ని బండెక్కించుకుని రావడం కోచింగు. ఎడమ మూల కాసేవాడికి మిరపచేలో నీళ్ళు పెట్టే వంతు ఫైనల్ రోజునే వస్తే, పక్క చేను రైతు కాళ్ళావేళ్ళా పడి ఆ వంతు మార్పించడం కోచింగు. పట్లు నేర్పడం ఇందులో పదో వంతు. మిగతా తొమ్మిది వంతులూ మనుషులు. మనుషుల దగ్గర నేను చేసిన తప్పులే ఇక్కడ రాస్తున్నాను. గెలిచిన కప్పుల లెక్క కావాలంటే మా ఆవిడ సులోచనను అడగండి. వాటి దుమ్ము దులిపేది ఆవిడే.

నా మొదటి హెడ్మాస్టరు గొప్ప భక్తిపరుడు. నిక్కర్లు వేసుకుని ఆడితే క్రైస్తవ పాఠశాల సాక్ష్యం, అంటే లోకంలో మంచిపేరు, పోతుందని ఆయన నమ్మకం. "కాళ్ళు కనపడకుండా ఆడలేరా?" అని నన్ను గదికి పిలిచి అడిగారు. కబడ్డీలో కాళ్ళు కనపడకపోవడం ఎలా సాధ్యమో చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. "ప్రార్థన చేసి చెబుతాను సార్" అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "నీలాంటి వాళ్ళు కావాలయ్యా" అన్నారు. మావాళ్ళు ప్యాంట్లతోనే ఆడారు. అవతలి జట్టు మా కాళ్ళు వదిలేసి ప్యాంట్లు పట్టుకుంది. మొదటి అర్ధభాగం అయ్యేసరికి సాక్ష్యం నిక్కర్ల కంటే ఘోరంగా పోయింది.

ఓటమి గురించి ఎవరూ నన్నేమీ అనలేదు. ప్రార్థన చేసే మాస్టారన్న పేరు మాత్రం వచ్చింది. ఆ మాట ఎంత బాగా పనిచేస్తుందో నాకు ఆ రోజే తెలిసింది. ఆ మాట అన్నవాణ్ణి ఎవరూ తొందరపెట్టరు, ఎదురుప్రశ్న వెయ్యరు. నా సర్వీసులో నేను నేర్చుకున్న అతి బలమైన పట్టు అదే.

కనిగిరిలో ఉపవాసం

దేవదానం గురించి ముందుగా చెప్పాలి. మా చర్చి సంఘంలోనే పుట్టి పెరిగినవాడు, నా శిష్యుడు. మా జట్టుకు అలాంటి రైడరు అంతకు ముందు లేడు, ఆ తర్వాతా రాలేదు. గీత దాటి అవతలి కోర్టులోకి వెళ్ళాడంటే ఏడుగురూ వెనక్కి జరిగేవాళ్ళు. కూత సన్నగా, తెగకుండా, కుట్టుమిషను మీద దారంలా సాగేది.

అతనికి ఇరవై ఏడేళ్ళప్పుడు కనిగిరిలో పెద్ద టోర్నమెంటు జరిగింది. ఎనభై ఐదు కిలోలు దాటినవాణ్ణి ఆడనివ్వరు. దేవదానం అప్పుడే పెళ్ళయి, అత్తగారి చేతి వంట తిని, ఎనభై ఏడు కిలోలకు వచ్చాడు. టోర్నమెంటుకు నాలుగు రోజులుంది. తిండి తగ్గించరా అంటే వినడు. ఎనిమిది ఇడ్లీలు తిని "ఇది టిఫినే కద సార్" అనేవాడు.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. అది పరిశుద్ధాత్మ ప్రేరణ అని ఆ రోజు అనుకున్నాను. దాని ఊరూ పేరూ ఇప్పుడు నాకు బాగా తెలుసు. జట్టు మొత్తాన్ని గుడిలో మోకరింపజేసి, విజయం కోసం మూడు రోజుల ఉపవాస ప్రార్థన అని ప్రకటించాను. సంఘం మెచ్చుకుంది. అప్పటి పాస్టరు గారు కన్నీళ్ళు పెట్టుకున్నారు. దేవదానం దేవుడికిచ్చిన మాట తప్పేవాడు కాదు, పచ్చి మంచినీళ్ళు తప్ప ముట్టలేదు. నేను మరిచిపోయిందేమిటంటే, మిగతా పదకొండు మంది బరువు బాగానే ఉంది. వాళ్ళూ మూడు రోజులు తినలేదు.

కాటా మీద దేవదానం ఎనభై ఐదుకు లోపే తూగాడు. నేను స్తోత్రం చెప్పాను. తర్వాత ఆట మొదలైంది. మూడో రైడ్‌లో అతను అవతలి కోర్టు మధ్యలో నిలబడిపోయాడు. కూత ఆగింది, కళ్ళు తేలేశాయి. అవతలి వాళ్ళు ముగ్గురు పరుగున వచ్చి పట్టుకున్నారు. అతన్ని ఔట్ చెయ్యాలని కాదు, పడిపోకుండా చూడాలని. అంపైరు వాళ్ళకి పాయింటిచ్చాడు. అదీ న్యాయమే.

ఆస్పత్రిలో సెలైన్ ఎక్కుతుంటే దేవదానం వాళ్ళమ్మ అన్నమ్మ వచ్చింది. మిరపకాయల తొడిమలు తీసి తీసి వేళ్ళు కాలిపోయినట్టుండే మనిషి. కొడుకు వంక చూసింది, నా వంక చూసింది.

"మాస్టారూ, ఒక్క మాట అడుగుతా. ఉపాసం దేవుడికా, కాటాకా?"

ఇప్పటిదాకా ఆ ప్రశ్నకు ఎవరి ముందూ జవాబు చెప్పలేదు. ఇక్కడ చెబుతున్నాను. కాటాకే అన్నమ్మా.

దేవదానం మాత్రం లేచి కూర్చోగానే అన్న మొదటి మాట, "సార్, ఓడిపోయామా? సారీ సార్." అలాంటివాడు. ఆ రోజు నుంచి వాడి ముందు నేను తలెత్తుకుని తిరిగానంటే అది వాడి మంచితనం.

ఇద్దరు ప్రెసిడెంట్లు

ఈ సీజను మొదలయ్యే ముందు మా ఊరి గ్రౌండు ఇళ్ళ ప్లాట్లయింది. రాళ్ళు పాతారు, రంగులు వేశారు, జట్టు చెదిరిపోయింది. ఆ వార్త వాట్సాపులో తిరిగిన వారంలోపే రెండు పెద్ద క్లబ్బులు నన్ను వెతుక్కుంటూ వచ్చాయి. ఆరేళ్ళుగా మా చేతుల్లో ఓడిపోతున్న క్లబ్బులే రెండూ.

ఒకటి గుంటూరు వైపు మిర్చి వ్యాపారుల క్లబ్బు. ప్రెసిడెంటు వెంకటేశ్వర్లు గారు, కోల్డ్ స్టోరేజీ యజమాని, గొంతు పెద్దది. రెండోది పర్చూరు వైపు పత్తి మిల్లు క్లబ్బు. ప్రెసిడెంటు బ్రహ్మయ్య గారు, జిన్నింగ్ మిల్లు యజమాని, గొంతు చిన్నది, చూపు పెద్దది. క్లబ్బుల పేర్లు రాయను, ప్రెసిడెంట్ల పేర్లు మార్చి రాస్తున్నాను. ఇద్దరూ బతికే ఉన్నారు, ఇద్దరి దగ్గరా నా ఫోను నంబరుంది. ఒకప్పుడు ఇద్దరూ వ్యాపారంలో భాగస్వాములు. ఎందుకు విడిపోయారో ఎవరికీ తెలియదు, వాళ్ళకు కూడా. విడిపోయినప్పటి నుంచి ఒకరు చేసిన పని రెండోవారు దానికి రెట్టింపు చెయ్యాలి. ఒకరు మ్యాట్ కొంటే ఒకరు మ్యాట్ మీద షెడ్డు వేస్తారు.

ఇద్దరూ నా ముందు పెట్టిన షరతు ఒక్కటే, మాటలు కూడా దాదాపు అవే. "మీరు రండి మాస్టారూ. మీతో పాటు మీ ఆటగాణ్ణి ఒకణ్ణి తెచ్చుకోండి. వాడికి కూర్చుని చేసుకునే ఉద్యోగం మా పూచీ." నేను దాన్ని నాకిచ్చిన గౌరవంగా తీసుకున్నాను. ఈ వాక్యాన్ని ఇంకోసారి చదవండి. నేను ఇంకోసారి ఆలోచించలేదు.

ఆ ఆటగాడు దేవదానమే అని వేరే చెప్పనక్కర్లేదు. అతనికిప్పుడు ముప్పై రెండు. మార్కెట్ యార్డులో మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, మోసే హమాలీ పని. అతను మోయగలిగే బరువే, నడుమూ గట్టిదే. పాడైంది ఊపిరి. పదేళ్ళు ఆ ఘాటులో మూటలు మోస్తే కూత తెగడం మొదలైంది. ఒకప్పుడు ముప్పై సెకన్ల రైడ్ మొత్తం నిలబెట్టేవాడు. ఇప్పుడు ఇరవైకి దగ్గు అందుకుంటోంది. ఈ దుమ్ములోంచి బయటపడు, లేకపోతే మందులతో పని కాదని డాక్టరు చెప్పాడు. పత్తి మిల్లులో వేబ్రిడ్జి దగ్గర అద్దాల గదిలో ఉద్యోగం, మిర్చి వాళ్ళ దగ్గరైతే కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర రిజిస్టరు రాసే ఉద్యోగం. ఏదైనా ఒకటే. ఏదో ఒకటి కావాలి. కానీ ఆ ఉద్యోగం ఆటగాడికి ఇచ్చేది. జిల్లా సంఘానికి జట్ల లిస్టు ఇచ్చే గడువులోపు పేరు ఎక్కాలి. ముప్పై రెండేళ్ళవాడికి వచ్చే ఏడాది ఏ క్లబ్బూ కుర్చీ వెయ్యదు.

గురువు ఎటో చెప్పకుండా ఆటగాడు ఏ క్లబ్బు టీషర్టూ తీసుకోకూడదని మావైపు ఒక పద్ధతి ఉంది. ఎక్కడా రాసి లేదు, అందుకే ఎవరూ తప్పరు.

"సార్, మీరెటంటే అటు" అన్నాడు దేవదానం.

"ప్రార్థన చేసి చెబుతానురా" అన్నాను.

కుర్చీలు, ఫ్యాన్లు

అదే మాట ఇద్దరు ప్రెసిడెంట్లకూ చెప్పాను. హెడ్మాస్టరు గారు మెచ్చుకున్న మాటే. కానీ వ్యాపారస్థులు హెడ్మాస్టర్లు కారు. "ప్రార్థన చేసి చెబుతా" అంటే వాళ్ళ చెవికి "ఇంకొంచెం పెంచండి" అని వినపడుతుంది. వాళ్ళను తప్పు పట్టలేను. నా చెవికి ఎలా వినపడిందో నేనే సరిగా చూసుకోలేదు.

వెంకటేశ్వర్లు గారు మూడో రోజు ఫోను చేశారు. "ఏం మాస్టారూ, మీ దేవుడేమంటున్నాడు? ఇంకా లైన్లోనే ఉన్నాడా?"

"ఆయన జవాబు కోసం కనిపెడుతున్నానండి."

"సరే. ఆయన ఇంటికేమైనా కావాలా?"

నేను నవ్వి ఊరుకున్నాను. కాదని అనలేదు. శనివారం మధ్యాహ్నం మా గుడి ముందు ట్రాలీ ఆటో ఆగింది. వంద ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు. ప్రతి కుర్చీ వీపు మీదా మిర్చి క్లబ్బు పేరు, మిరపకాయ బొమ్మ. ఆదివారం ఆరాధనలో వెనక వరసలో నిలబడి చూస్తే, సంఘమంతా ఒక కబడ్డీ టోర్నమెంటుకు వచ్చినట్టుంది.

ఆ సంగతి పర్చూరు చేరడానికి ఒక రోజు కూడా పట్టలేదు. మరుసటి ఆదివారానికి పన్నెండు సీలింగు ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఒక్కో రెక్క మీద బ్రహ్మయ్య గారి నాన్నగారి పేరు, కీర్తిశేషులు అని. ఫ్యాను తిరిగేటప్పుడు పేరు కనపడదు, కరెంటు పోతేనే కనపడుతుంది. మా ఊళ్ళో కరెంటు సరిగ్గా ప్రసంగం మధ్యలో పోతుంది కాబట్టి, స్వర్గీయులైన ఆయన ప్రతి వారం మా అందరికీ దర్శనమిచ్చేవారు.

బ్రహ్మయ్య గారు స్వయంగా వచ్చి ముందు వరసలో, ఎదుటి పక్షం వాళ్ళ కుర్చీలోనే కూర్చుని, ఆరాధన అంతా చేతులు కట్టుకుని విన్నారు. బయటికొచ్చాక నన్ను పక్కకు పిలిచారు.

"నేను కూడా ప్రార్థన చేయించానండీ మాస్టారూ. కొండ మీద ఒకటి, దర్గాలో ఒకటి, ఇక్కడొకటి."

"ఏమని తెలిసిందండీ?"

"మూడు చోట్లా పత్తనే వచ్చింది."

ఆ తర్వాత మిర్చి వైపు నుంచి మైకు సెట్టు, పత్తి వైపు నుంచి గోడలకు సున్నం. ప్రస్తుతం మాకున్న పాస్టరు గారు మంచి మనిషి, కుర్రవయసు, సంఘాన్ని పైకి తేవాలని తపన. ఆయన నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగారు.

"బ్రదర్, దేవుని చిత్తం తెలిసిందా?"

"ఇంకా లేదండి. కానీ లిస్టు గడువు దగ్గరపడుతోంది. దేవదానం ఎదురుచూస్తున్నాడు."

"తొందర వద్దు బ్రదర్. ఆయన ఆలస్యం చేస్తున్నాడంటే ఏదో గొప్ప ఉద్దేశం ఉంటుంది." వర్షాలకు పడిపోయిన ప్రహరీ గోడ వైపు చూశారు. "ఆ గోడ సంగతి కూడా ప్రార్థనలో పెట్టండి."

ఆయన మీద కోపం తెచ్చుకోకండి. గుడికి గోడ కావాలి, నిజమే. నేను నోరు తెరిచి ఒక్క మాట చెబితే బేరం ఆగిపోయేది. నేను చెప్పలేదు. ఎందుకో దాచకుండా రాస్తాను. అరవై ఏడేళ్ళ వయసులో, ముప్పై నాలుగేళ్ళు పిల్లల చేత గ్రౌండులో రాళ్ళు ఏరించిన మనిషి ఇంటి ముందు ఒకరి తర్వాత ఒకరుగా రెండు పెద్ద కార్లు ఆగుతున్నాయి. పక్కింటివాళ్ళు కిటికీల్లోంచి చూస్తున్నారు. ఆ నెల రోజులు నేను పాల ప్యాకెట్టుకు వెళ్ళినా ఇస్త్రీ చొక్కా వేసుకునే వెళ్ళాను.

డబ్బాలో చీటీలు

నేను ప్రార్థన చెయ్యలేదని అనుకోవద్దు. చేశాను. అదే భయంకరమైన సంగతి.

మా ఇళ్ళల్లో వాగ్దానాల డబ్బా ఒకటి ఉంటుంది. చిన్న చిన్న చీటీల మీద లేఖన వాక్యాలు రాసి, చుట్టి పెట్టి ఉంటాయి. ఉదయాన్నే ఒకటి తీసి చదువుకుంటాం. దాన్ని ఆ రోజుకు దేవుడిచ్చిన మాటగా తీసుకుంటాం. నా తల్లి చేసిన పని, నేను చేసేదీ అదే, అందులో తప్పు లేదు. తప్పు నేను మొదలుపెట్టిన పద్ధతిలో ఉంది. నచ్చని చీటీ వస్తే మళ్ళీ చుట్టి లోపల వేసి, డబ్బా ఊపి, ఇంకోటి తియ్యడం మొదలుపెట్టాను.

ఒక ఉదయం మూడోసారి చెయ్యి పెడుతుంటే సులోచన చూసింది. చేతిలో కాఫీ గ్లాసుతో అక్కడే నిలబడింది.

"ఏవండీ, అది దేవుడి మాటా, లాటరీ టిక్కెట్టా?"

"నీకు తెలియదు, ఇది పెద్ద నిర్ణయం."

"ఎవరికి పెద్ద?"

నేను వినపడనట్టు చీటీ విప్పాను. మన పాపాలు ఎర్రగా ఉన్నా వాటిని తెల్లగా చేస్తానని ఆయన చెప్పిన వాక్యం. మీరు నమ్ముతారో లేదో, నేను ఆ చీటీని అరగంట పరిశీలించాను. ఎరుపు మిర్చి. తెలుపు పత్తి. ఎరుపు ముందు వచ్చింది కాబట్టి మిర్చికి మొగ్గా, చివరికి తెలుపే మిగిలింది కాబట్టి పత్తికి మొగ్గా అని కాగితం మీద రాసుకుని మరీ చూశాను. ఆ వాక్యం పాపం గురించి అని, ఆ పాపం ఎవరిదని అడుగుతోందని నాకు తట్టనే లేదు. ఆదివారం బడిలో అదే వాక్యాన్ని నలభై ఏళ్ళు పిల్లలకు నేర్పినవాణ్ణి.

సులోచన కాఫీ బల్ల మీద పెట్టి, "ఆ పిల్లాడు నిన్న కూడా వచ్చి వెళ్ళాడు. మీరు స్నానంలో ఉన్నారు. కూర్చోమంటే కూర్చోలేదు, దగ్గుతున్నాడు" అంది. ముప్పై రెండేళ్ళ మనిషి ఆవిడకింకా పిల్లాడే.

ఆ సాయంత్రం దేవదానం మళ్ళీ వచ్చాడు.

"సార్, దేవుడి చిత్తం నాకు తెలియదు గానీ, లిస్టు శనివారం ఇచ్చేస్తారంట."

"తెలుసురా. ఇంకా మూడు రోజులుంది."

"ఏదైనా ఫర్లేదు సార్. ఇవాళ చెప్పినా నేను రేపే పని మానేస్తా. మా ఆవిడ మార్త కూడా రోజూ అడుగుతోంది. ఏం చెప్పమంటారు ఆవిడకి?"

"ప్రార్థనలో ఉన్నానని చెప్పు."

దేవదానం ఏదో అనబోయి దగ్గాడు. ఆ దగ్గు గేటు దాటి, సందు చివర మలుపు తిరిగేదాకా వినపడింది. నేను ఆ దగ్గు విన్నాను. విని, లోపలికి వెళ్ళి ఫోను ఛార్జింగు పెట్టాను. ఇద్దరిలో ఎవరైనా చేస్తారేమోనని.

సంతకం

గురువారం మధ్యాహ్నం భోంచేసి లేస్తుంటే వచ్చాడు. ఎప్పుడూ గుమ్మం బయట చెప్పులు విడిచి అక్కడే నిలబడేవాడు, ఈసారి లోపలికొచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"సార్, సంతకం పెట్టొచ్చాను."

"ఎక్కడ?"

"పత్తి మిల్లులో. బ్రహ్మయ్య గారి దగ్గర. మీకు చెప్పకుండా పెట్టాను, తిట్టండి."

నాకు ముందుగా వచ్చింది కోపం. పద్ధతి తప్పాడని. ఆ కోపంలో నా నోటివెంట వచ్చిన మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"ప్రార్థన చేశావా అసలు?"

"చేశాను సార్."

"ఎంతసేపు?"

"ముప్పై సెకన్లు పట్టుంటుంది." నవ్వలేదు, వెక్కిరించలేదు. లెక్క చెప్పాడంతే. "ఊపిరాడట్లేదు ప్రభువా, ఒక దారి చూపించు అన్నాను. బండి తీస్తే పర్చూరు రోడ్డు దగ్గర. పోయాను."

వంటింట్లో సులోచన గిన్నె కింద పెట్టిన చప్పుడైంది. ఆవిడ బయటికొచ్చి, "అన్నం తిన్నావా దేవదానం?" అని అడిగింది. "లేదమ్మా" అన్నాడు. నా ముందే కూర్చుని తిన్నాడు.

వాడు వెళ్ళాక జరిగింది కూడా రాయాలి. అరగంటలో నాకు దేవుని చిత్తం స్పష్టంగా తెలిసిపోయింది. పత్తి! బ్రహ్మయ్య గారికి ఫోను చేశాను.

"నిర్ణయం అయిందండీ. మీ దగ్గరికే వస్తున్నాను."

అవతల ఆయన ఎవరితోనో లారీ కాటా ఎక్కించమని చెప్పి, మళ్ళీ లైన్లోకి వచ్చారు.

"మీకెందుకండీ మాస్టారూ ఈ వయసులో శ్రమ? దేవదానం వచ్చేశాడుగా. కోచింగు మా బావమరిది చూసుకుంటాడు. వాడూ ఏదో డిప్లొమా చేశాడు."

"మరి నన్నెందుకు పిలిచారండీ ఇన్నాళ్ళూ?"

"మీరు రాకుండా అతను రాడన్నారు కదండీ అందరూ." మర్యాదగానే చెప్పారు. ఫ్యాన్లు బాగా తిరుగుతున్నాయా అని కూడా అడిగారు.

సిగ్గు పూర్తిగా చచ్చిపోలేదు కాబట్టి, వెంకటేశ్వర్లు గారికి ఫోను చెయ్యడానికి సాయంత్రం దాకా ఆగాను. ఆయన నా మాట పూర్తి కానివ్వలేదు. "దేవదానం లేకుండానా? మాస్టారూ, మీరు ఇంకొంచెం ప్రార్థన చేసుకోండి!" అని ఫోను పెట్టేశారు. అంత సూటిగా నాకు వాక్యం చెప్పిన మనిషి ఈ మధ్య లేడు.

ఆ తర్వాత మా ఇంటి ముందు కారేదీ ఆగలేదు. గుడికి గోడా రాలేదు. కుర్చీలు వెనక్కిచ్చేద్దామా అంటే పాస్టరు గారు, "దేవుడికిచ్చింది దేవుడిదే బ్రదర్" అన్నారు. సంఘం ఇప్పటికీ వాటిలోనే కూర్చుంటోంది.

చివరగా చెప్పేది

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు నా తీర్పు ఇది. మిమ్మల్ని రెండు క్లబ్బులు పిలిస్తే, వాళ్ళు ఎవరి కోసం పిలుస్తున్నారో ముందు కనుక్కోండి. నూటికి తొంభైసార్లు అది మీరు కాదు, మీ చేతికింద ఉన్నవాడు. అది తెలిస్తే పొగరు తగ్గుతుంది, నిర్ణయం తొందరగా అవుతుంది. మీ జవాబు కోసం ఎవడి ఊపిరైనా ఆగి ఉంటే, ఆ జవాబు ఆ రోజే చెప్పండి, తప్పైనా సరే. మంచి ఆటగాడు మీ తప్పును సరిచేసుకోగలడు. మీ మౌనాన్ని సరిచేసుకోలేడు. ఇక భక్తి ఉన్నవాళ్ళకు ఒక మాట. దేవుడు ఆలస్యం చేస్తాడు, అది నిజం, నా జీవితంలో చాలాసార్లు చూశాను. కానీ మనం చేసిన ఆలస్యం కింద ఆయన సంతకం మనమే పెట్టెయ్యకూడదు.

ఎవరూ పిలవకుండానే ఇప్పుడు నేను వారానికి నాలుగు రోజులు పొద్దున్నే బస్సెక్కి పర్చూరు వైపు వెళుతున్నాను. నాకు అక్కడ పదవి లేదు, టీషర్టు లేదు. బ్రహ్మయ్య గారి బావమరిది మంచివాడే, పట్లు బాగా నేర్పుతున్నాడు. ఊపిరి సంగతి అతనికి తెలియదు, అదొక్కటే నేను చూస్తాను. డ్యూటీకి ముందు దేవదానమూ నేనూ మిల్లు వెనక పొలం గట్టు మీద నడుస్తాం. మొదటి నెల కూత పదిహేడు దగ్గర తెగేది. పోయిన వారం ఇరవై మూడు దాకా వచ్చింది. ఒకరోజు గేటు దగ్గర వాచ్‌మన్ ఆపి, "పెద్దాయనా, మీరే క్లబ్బు?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే దేవదానమే చెప్పాడు, "మా సారు" అని.

ఒక విషయం మిగిలి ఉంది. సీజను చివరిదాకా ఆడితేనే అతని ఉద్యోగం ఖాయమవుతుందని మిల్లువాళ్ళ కాగితంలో ఉంది. మధ్యలో ఊపిరి అందక కూర్చుండిపోతే అద్దాల గది ఇంకొకరిది, అతను మళ్ళీ టిక్కీల కిందికి. ఇంకా రెండు మ్యాచులున్నాయి. రెండోది మిర్చి జట్టుతోనే. అందులోనూ మా సంఘం వాళ్ళు ఇద్దరున్నారు, కాబట్టి గెలుపు అడగకండి, అది దేవుడికి ఇబ్బంది. మీరు ఏ గుడికి వెళ్ళేవారైనా సరే, ఇది చదవడం ఆపి, నాతో పాటు ఈ ఒక్కటి అడగండి:

తండ్రీ, దేవదానం అనే ఈ మనిషికి ఊపిరి ఇచ్చింది నువ్వు, పాడుచేసింది మేము. కొంత మిర్చి, కొంత నేను. ఆ రెండు రోజులు అతని కూత తెగకుండా చూడు. అతను గీత దాటి తిరిగొచ్చేదాకా నన్ను నోరు మూసుకుని నిలబడనియ్యి. ఆమేన్.